కొలువు – కోపము

ఉద్యోగము చేయువానికి చదువును, పనియందలి నేర్పును మాత్రమే చాలవనియు, తన మనస్సును తానెరిగి అదుపున నుంచుకొనుటయు, ఎదుటివాని మనస్సు కనిపెట్టి మెలగుటయు కూడ కావలెననియు నేటి కార్యాలయములలో తరచుగా వినబడుచున్నది. ఈ శక్తికి మనశ్శాస్త్రజ్ఞులు భావోద్వేగ ప్రజ్ఞ యని పేరిడిరి. పీటర్ సాలొవే, జాన్ మేయర్ అను అమెరికా పండితు లిరువురు 1990లో దీనికి శాస్త్రీయమైన నిర్వచనము నిచ్చిరి. 1995లో డేనియల్ గోల్‌మన్ అను రచయిత వెలువరించిన గ్రంథము దానిని దేశదేశముల వాడుకలోనికి తెచ్చెను. నాటినుండి పెద్ద సంస్థలు తమ ఉద్యోగులను కూర్చుండబెట్టి ఈ విషయమున పాఠములు చెప్పించుచున్నవి. పేరు క్రొత్తదే. విషయము మాత్రము తెలుగు చదువుకొన్నవానికి క్రొత్తది కాదు. తిక్కన సోమయాజి భారతము వ్రాయబూని మొట్టమొదట చేపట్టిన విరాటపర్వము మొదటినుండి తుదివరకు కొలువు కథయే గదా!

ఒకప్పుడు ఇంద్రప్రస్థమున లోకముచేత కొలిపించుకొన్న ఐదుగురు అన్నదమ్ములును, వారి యిల్లాలును ఒక యేడాది మారుపేర్లతో మత్స్యరాజు నింట పనికి కుదిరిరి. పెద్దవాడు కంకుభట్టై రాజునకు జూదపు తోడయ్యెను. భీముడు వలలుడై వంటయింట చేరెను. అర్జునుడు బృహన్నలయై అంతఃపురమున ఆటపాటలు నేర్పెను. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆవులను చూచుకొనిరి. ద్రౌపది సైరంధ్రియై సుదేష్ణాదేవికి తల దువ్వి పూలు ముడిచెను. పనితనమున వీరిలో ఎవ్వరికిని లోటు లేదు. వారికి కష్టమైనది పని కాదు. పని చేయుచు తమ ముఖమును తమ వశమున నుంచుకొనుట. వ్రాసినవాడును కొలువు సంగతి తెలియనివాడు కాడు. తిక్కన నెల్లూరి నేలిన మనుమసిద్ధికి మంత్రి. రాజు ముంగిట నిలిచి మాటలు తూచి పలికినవాడు గనుకనే ఆ పర్వమున ఒక కనుచూపునకు, ఒక అరమాటకు అంత విలువ వచ్చినదని తలచుట తప్పు కాదు.

వారు మత్స్యపురమునకు బయలుదేరునప్పుడు పురోహితుడైన ధౌమ్యుడు సేవాధర్మములు బోధించెను. తనకు తగిన చోటెరిగి కూర్చుండవలెను. రాజునకు మరీ చేరువగాను, మరీ దవ్వుగాను మెలగరాదు. ఆవులింతను, తుమ్మును, నవ్వును కొలువులో బయటపడనీయరాదు. మన్నన దొరికెనని పొంగరాదు. అవమానము కలిగెనని క్రుంగరాదు. లోపలి మాట వెలుపల చెప్పరాదు. రాజగృహముకంటె అందమైన యిల్లు కట్టుకొనరాదు. ఇందు సగమునకు పైగా హృదయమును గూర్చిన నియమములే. నేటి శిక్షణ తరగతిలో తెరమీద చూపు వాక్యములను వీటి ప్రక్కన నుంచి చూచినచో, ఇల్లు కట్టుకొను మాట తప్ప తక్కినవి చాలవరకు పోలియే యుండును. ఆ యింటి మాటయు కొన్ని కార్యాలయములలో లోలోపల పనిచేయుచునే యున్నదని గిట్టనివా రందురు.

అయితే ధౌమ్యుని బోధలో ఒక వెలితి కలదు. అది ఆయన తప్పు కాదు. వినుచున్నవారు కొలువునకు పోవువారు. బోధ యంతయు కొలుచువానికే. కొలిపించుకొనువాడు ఎట్లుండవలెనో అందు లేదు. నేటి తరగతులలోను ఇదే వరుస. గుమాస్తాలు ముందుబల్లలపై కూర్చుండి వ్రాసికొందురు. అధికారి ప్రారంభోపన్యాసము చేసి తన గదికి పోవును. ఈ ప్రజ్ఞవలన పనితనము పెరుగునా అని యడిగినచో, పెరుగుననియే చెప్పవలెను. కాని అది ఎవరియం దుండిన ఎవరి పని బాగుపడునో విచారింపక, క్రిందివానికి మాత్రమే విధించినచో అది ప్రజ్ఞ కాదు. ఓర్పునకు పెట్టిన క్రొత్త పేరు.

ఈ మాట నిలుచునో లేదో చూచుటకు ముందు శాస్త్రము చెప్పునది వినుట మంచిది. సాలొవే, మేయర్ పండితులు 1997లో ఈ ప్రజ్ఞను నాలుగు శక్తులుగా వివరించిరి. ముఖమును, కంఠస్వరమును బట్టి భావమును గుర్తించుట మొదటిది. ఆ భావమును ఆలోచనకు తోడు చేసికొనుట, ఒక భావము మరియొకటిగా ఎట్లు మారునో తెలిసికొనుట తరువాతివి. తనలోను, ఇతరులలోను దానిని తగిన త్రోవను నడుపుట నాలుగవది. గోల్‌మన్ గ్రంథము కలిగించిన ఉత్సాహమున కొందరు, ఉద్యోగ విజయమునకు బుద్ధికంటె ఇదియే ముఖ్యమని చాటిరి. పరిశోధకు లందరును అంత దూరము పోలేదు. 2010లో డానా జోసెఫ్, డేనియల్ న్యూమన్ అనువారు అంతకుముందు జరిగిన పరిశోధనల ఫలితములను ఒకచోట చేర్చి లెక్కించిరి. మనుష్యులతో మెలగుచు తన భావములను దిద్దుకొనవలసిన పనులలో ఈ ప్రజ్ఞ పనితనమునకు తోడ్పడుననియు, అట్టి అవసరము తక్కువగా నుండు పనులలో ఆ మేలు కనబడదనియు, పైగా కొంత ఎదురు ఫలితమే కనబడుననియు వారు తేల్చిరి.

ఇది లోకానుభవమునకు సరిపోవుచునే యున్నది. తరణిపట్టు యంత్రముపై ఇనుము చెక్కువానికిని, ఏకాంతమున పద్దులు సరిచూచువానికిని చేతినేర్పు, లెక్కనేర్పు ముఖ్యములు. రోగి మంచము ప్రక్కన నిలుచు నర్సునకు, చిల్లర లేని ప్రయాణికునితో వేగు బస్సు కండక్టరునకు, ఫోనులో తిట్లు వినుచు మర్యాద తప్పక బదులు చెప్పు కాల్ సెంటరు ఉద్యోగినికి అవి చాలవు. ఉపాధ్యాయునకు అసలే చాలవు. బాలుడు లెక్క తప్పినది తెలియకనా, భయముచేతనా, ఉదయము ఏమియు తినక వచ్చినందుననా అని ముఖము చూచి పట్టగల ఉపాధ్యాయుని పాఠమునకును, పట్టలేనివాని పాఠమునకును గల భేదము ఏడాది తుదిని మార్కులలోనే తెలియును. విరాటుని కొలువులో గుఱ్ఱములతోడను, ఆవులతోడను పని గల కవల సోదరులకు ఆ యేడు కొంత తేలికగా గడచినదని కథయే చెప్పుచున్నది. గుఱ్ఱమునకును మనస్సు కలదని నకులుడు వాదించునేమో! ఏది యెట్లున్నను, ఇక్కట్లన్నియు మనుష్యులను కొలిచినవారికే వచ్చినవి.

వాటిలో ఘోరమైనది కీచకుని వృత్తాంతము. రాణి తమ్ముడును, సేనాపతియు నగు కీచకుడు సైరంధ్రిని వెన్నాడి, నిండుసభలో రాజు చూచుచుండగా ఆమెను పడద్రోసి తన్నెను. ఆ సభలో కంకుభట్టు ఉన్నాడు, వలలుడును ఉన్నాడు. వలలుని చూపు దగ్గరనున్న యొక చెట్టుపై పడెను. దానిని పెరికి అతడేమి చేయనున్నాడో అన్నకు తెలిసెను. ఆ క్షణమున భీముడు లేచినచో అజ్ఞాతవాసము భగ్నమగును. మరల పండ్రెండేండ్ల అడవి. అప్పుడు కంకుభట్టు, వంటవాడు కట్టెలకై చెట్టు వెదకుచున్నట్లు భావము కల్పించి, పలువురకు నీడయు ఫలములు నిచ్చు చెట్టు వంటచెరకునకు తగదు, కట్టెలు కావలసినచో వెలుపల ఎండినది చూచుకొమ్మని చెప్పెను. సభవారికి అది వంటయింటి ముచ్చట. తమ్మునకు ఆజ్ఞ. భావమును గుర్తించుట, దాని త్రోవ తెలియుట, దానిని మరలించుట ఆ యొక్క మాటలో కలవు. వలలుని అతడు మందలింపలేదు, నలుగురిలో చిన్నబుచ్చలేదు. అతని కోపమునకు గౌరవము చెడని యొక అర్థము కల్పించి అతనిని కాపాడెను. సహోద్యోగి నోరు జారబోవు వేళ మాట మార్చి అతనిని నిలుపు పెద్దగుమాస్తాలు నేటికిని ప్రతి కార్యాలయమున నొకరిద్దరు కనబడుదురు. పై పదవు లెక్కకపోయినను పని నడచునది వారివలననే.

ఇంతవరకు చదివి ధర్మరాజు నేర్పును మెచ్చుకొని పుస్తకము మూయువారు ద్రౌపదిని మరచిపోవుదురు. ఆమెకు న్యాయము జరుగలేదు. విరాటుడు బావమరదిని అనునయించెనే కాని దండింపలేదు. అతని సేనాబలమే తన రాజ్యమునకు ఆధారము. భర్తయు ఆమెను, సభలో నటివలె నిలువక లోపలికి పొమ్మనెను. తన భర్త నటుడే కాక జూదరి కూడ నని ఆమె బదులు పలికెను. కొలువున ఓర్పునకు కూడ ఒక హద్దు కలదని ఆ మాట వలన తెలియుచున్నది. ఆ రాత్రి ఆమె వంటయింటికి పోయి భీముని మేల్కొలిపి తన దుఃఖ మంతయు వెళ్ళగ్రక్కెను. పగలు సభలో మ్రింగిన కోపము జీర్ణము కాలేదు. మరునాటి రాత్రి నర్తనశాలలో కీచకుని దేహమును ముద్దచేసి తీరెను.

1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అను అమెరికా సాంఘికశాస్త్రజ్ఞురాలు విమానములలో ప్రయాణికులకు పరిచర్య చేయు యువతుల ఉద్యోగమును పరిశీలించి ఒక గ్రంథము వెలువరించెను. వారు చేతులతో చేయు పనికి మాత్రమే కాక, పెదవులపై నిలుపు చిరునవ్వునకు కూడ జీతము పుచ్చుకొనుచున్నారనియు, అదియు నొక శ్రమయే యనియు, ఆ శ్రమలో మనిషి తన నిజమైన భావమునకు తానే పరాయివాడగు ప్రమాదము కలదనియు ఆమె చూపెను. లోన లేని సంతోషమును ముఖమున పూసికొని దినమంతయు పనిచేయువారు త్వరగా అలసి, పనిపై విరక్తి చెందుదురని తరువాతి పరిశోధకులును కనుగొనిరి. కావున ఉద్యోగి నవ్వుచున్నాడా లేదా అని పనితనపు పట్టికలో గీత పెట్టు అధికారి తాను కొలుచుచున్నది ప్రజ్ఞనో, అలసటనో తెలియక కొలుచుచున్నాడు. కొనుగోలుదారుచేత మార్కులు వేయించు ఏర్పాట్లు ఈ కాలమున ఎంతయో పెరిగినవి. తిట్టినవాని చేతనే తిట్లు తిన్నవానికి మార్కులు వేయించుట యందలి న్యాయము కీచకుడు మెచ్చుకొనదగినది.

ఇక ఈ ప్రజ్ఞ పైవానియం దున్నచో పనికి కలుగు మేలు ఎట్టిదో చూపు ఘట్టము కూడ ఆ పర్వముననే కలదు. కౌరవులు ఆవులను పట్టిన వార్త వచ్చినప్పుడు రాకుమారుడైన ఉత్తరుడు, తగిన సారథి లేడు గాని లేనిచో కౌరవులను చీల్చి చెండాడుదునని ఆడువారి నడుమ బింకములు పలికెను. సారథిగా బృహన్నల దొరికెను. సేనాసముద్రము కంటబడినంతనే ఉత్తరునకు ఒడలు జలదరించెను. అతడు రథము దుమికి ఇంటివైపు పరుగెత్తెను. వెనుక బృహన్నల జడ యెగురగా తరిమెను; కౌరవసేనలో నవ్వులు. పట్టువడిన కుమారుడు బంగార మిత్తును, ఏనుగుల నిత్తును, విడువుమని బ్రతిమాలెను.

ఆ స్థితిలో ఏ పైవాడైనను రెండు త్రోవలు త్రొక్కును. పిరికిపందవని తిట్టును, లేదా ఇంటికి పొమ్మనును. తిట్టినచో భయము పోదు, సిగ్గు చేరును. పంపివేసినచో ఆ బాలుడు బ్రతుకంతయు పారిపోయినవాడుగనే మిగులును. అర్జునుడు మూడవ త్రోవ పట్టెను. నీవు యుద్ధము చేయనక్కరలేదు, పగ్గములు పట్టుము, పోరు నేను చూచుకొందు ననెను. చేయలేని పని తీసివేసి చేయగల పని చేతికిచ్చెను. వెంటనే యుద్ధమునకు కొనిపోలేదు. ముందు జమ్మిచెట్టు కడకు తోడ్కొనిపోయి, ఎక్కి ఆ మూట దింపుమనెను. చెట్టుపై నున్నది శవమని విని రాకుమారుడు జంకెను. శవము కాదు, ఆయుధములని చెప్పి ఎక్కించెను. మూట విప్పగా ధనుస్సులు మెరసెను. ఇది యెవరిది, అది యెవరిదని ఉత్తరుడు ప్రశ్నలు వేయసాగెను. అర్జునుడు ఒక్కొక్కదానికి విసుగక బదులు చెప్పెను. ప్రశ్న పుట్టిన మనస్సులో భయమునకు చోటు తగ్గును. ఆ సంగతి పాఠము చెప్పువారి కందరికిని తెలిసినదే, తొందరలో మరచిపోవుదురు గాని. తుదకు తన పది పేర్లును, వాటి కారణములును చెప్పి తానెవడో తెలిపెను. అప్పటికి ఉత్తరుని చేతులు వణకుట మానినవి.

ఆ దినమున ఆ బాలుడు భీష్మ ద్రోణ కర్ణుల నడుమ రథము తోలెను. నడుమ నొకమారు, పగ్గములు పట్టజాలనని డీలాపడెను. అర్జునుడు అప్పుడును కసరలేదు. మరల ధైర్యము చెప్పెను. ఈ రెండవమారు ముఖ్యమైనది. ఒక్కమారు ఊరడించి, ఇంక భయపడరాదని శాసించు పెద్దలు లోకమున ఎక్కువ. మనస్సు అంత మాట వినదు. రణమున గెలిచిన తరువాత, గెలుపు నీదే యని తండ్రికి చెప్పుమని అర్జునుడు తన గుట్టు నిలుపుకొనుటకై పలికెను. ఉత్తరుడు సభలో అట్లు చెప్పలేదు. గెలిచినది తాను కాదు, ఒక దేవకుమారు డనెను. ఉదయము లేని గొప్ప చెప్పుకొన్నవాడు సాయంకాలము చేతికి వచ్చిన గొప్పను వలదనెను. ఉద్యోగి పనితనమున కలిగిన మార్పునకు ఇంతకు మించిన కొలబద్ద దొరకుట కష్టము.

అదే సాయంకాలము, అదే పట్టణమున, పైవానికి ఈ ప్రజ్ఞ లేకున్న నేమగునో కూడ తెలిసినది. కుమారుడు గెలిచెనని విని విరాటుడు పొంగిపోయి కంకుభట్టుతో జూదమునకు కూర్చుండెను. కుమారుని పొగడినప్పుడెల్ల, బృహన్నల సారథి యైనప్పుడు గెలుపునకు కొరత యేమని కంకుభట్టు పలికెను. మాట నిజము. యజమానికి అది వినదగిన నిజము కూడ. కాని సంతోషముతో నిండిన మనస్సున నిజమునకు చోటు లేకపోయెను. రాజు చేతి పాచికలను కంకుభట్టు ముఖముపై విసరెను. నెత్తురు కారెను. సైరంధ్రి అది నేల రాలకుండ పట్టెను. ఇంతలో ఉత్తరుడును, బృహన్నలయు వాకిట నిలిచిరని ద్వారపాలుడు వచ్చి చెప్పెను. యుద్ధమున తప్ప అన్న నెత్తురు చిందించినవానిని బ్రతుకనీయనని అర్జునునకు వ్రతము. దెబ్బ తిన్నవాడు ద్వారపాలుని చెవిలో, ఉత్తరుని మాత్రము రానిమ్ము, బృహన్నలను ఆపుమని చెప్పెను. రాజు ప్రాణమును కాపాడినది రాజు కొట్టిన సేవకుడు. ఆ సంగతి రాజునకు తెలియను కూడ తెలియలేదు. ఉత్తరుడు వచ్చి చూచి, ఈ పని చేసినదెవరని యడిగి, తండ్రిచేత క్షమాపణ చెప్పించెను.

ఉద్యోగుల కోపతాపములవలన సంస్థలు చెడుచున్నవని వాపోవువారు ఈ పాచికల ఘట్టమును ఒకమారు నింపాదిగా చదువవలసి యున్నది. కంకుభట్టు నిగ్రహము లేనివాడైనచో ఆ సాయంకాలమే మత్స్యరాజ్యము మునిగెడిది. కావున క్రిందివాని నిగ్రహము వ్యర్థ మనుట కాదు. ఎన్నో సంస్థలు నేడు నిలిచియున్నది అట్టివారి మౌనముపైననే. కాని విరాటుడు ఆ విధముగా నిలిచిన తన కొలువును చూచి, తన పరిపాలనమే బాగున్నదని నమ్మెను. సహనము గలవారు క్రింద నున్నంతకాలము పైవానికి తన లోపము తెలియదు. వారిలో ఒకడు రాజీనామా యిచ్చి పోయిననాడు, అతడు ఇన్నాళ్ళు ఏ పని చేయుచుండెనో కార్యాలయమునకు తెలియవచ్చును. ఆ పని ఏ పట్టికలోను వ్రాసియుండదు.

పాఠశాలలో ఈ చిక్కు మరింత దగ్గరగా కనబడును. ఉపాధ్యాయుడు ఒకే దినమున రెండు వేషములు వేయును. ప్రధానోపాధ్యాయుని గదిలో, తనిఖీకి వచ్చిన అధికారి యెదుట అతడు ధౌమ్యుని శిష్యుడు; ఆవులింత కూడ మ్రింగును. గంట కొట్టగానే తరగతి గదిలో అడుగుపెట్టి విరాటు డగును. ఆ గదిలో మ్రింగిన అవమానము ఈ గదిలో ఏ వెనుకబల్ల బాలునిపైననో పాచికయై పడుట కలదు. నలుబదిమంది పిల్లలు ఆ వేళ ఉపాధ్యాయుని కంఠము వినిన వెంటనే, నేడు ఆయనకు లోపల ఏమో జరిగినదని గ్రహింతురు. భావోద్వేగ ప్రజ్ఞలో పరీక్ష పెట్టినచో ఆ పిల్లలకే ఎక్కువ మార్కులు రాదగును. వారు దానిని నేర్చినది శిక్షణ తరగతిలో కాదు, భయములో. భయమువలన అబ్బిన నేర్పు పెద్దయైన పిదప కొలువులో కూడ తల వంచుటకే పనికివచ్చును. జమ్మిచెట్టు నెక్కించి, ప్రశ్న లడుగనిచ్చి, రెండవమారు డీలాపడినప్పుడును విసుగుకొనని పెద్ద దొరకిన పిల్లవాడు వేరుగా ఎదుగును. అతడు రేపు ఒక బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో పదిమందిపై అధికారియై కూర్చుండును. ఆ పదిమంది మనశ్శాంతి యంతయు ఆ చెట్టు నీడలోనిది.

విరాటుని కథ పాచికలతో ముగియలేదు. మూడవనాటి ఉదయమున అతడు సభకు వచ్చుసరికి కంకుభట్టు రాజాసనముపై కూర్చుండియుండెను. తక్కినవారును తమతమ తావుల రాజులవలె వెలుగుచుండిరి. విరాటునకు మరల కోపము వచ్చెను. జూదమునకు తోడుగా పెట్టుకొన్న బ్రాహ్మణుడు ఈ పీఠ మెట్లెక్కెనని అతడు గద్దించెను. అయితే ఈసారి చేతిలో పాచికలు లేవు. అడిగి, బదులు వినుటకు నిలిచెను. అర్జునుడు చిరునవ్వు నవ్వుచు చెప్ప మొదలిడెను.